ఎక్స్‌రే కిరణమూ, సుబ్బారావు గారి మందూ



ఈ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి రాయమన్నప్పుడు నాకు వెంటనే తోచిన పేరు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారిది. వారు స్వర్గస్థులై ముప్పావు శతాబ్దం దాటింది. పేరు మనలో చాలామంది విన్నదే. వారు చేసిన పని ఫలితం మన ఇళ్లలో మందుల డబ్బాలోనే ఉన్నా, ఆ సంగతి తెలిసినవారు తక్కువ.

వారిని ఎంచుకోవడానికి ఇంకొక కారణం ఉంది. మన వయసువాళ్లం నలుగురం ఒకచోట చేరితే మాట స్కానింగుల మీదికీ, కాన్సర్ మీదికీ, ఫలానావారికి కరెంటు పెడుతున్నారట అనే కబురు మీదికీ పోతుంది. రేడియేషన్ వైద్యాన్ని మనవైపు కరెంటు పెట్టడం అంటారు గానీ అందులో షాకు ఏమీ లేదు. అక్కడ పనిచేసేది కిరణం. ఆ కిరణం శరీరంలో చేసే పనినీ, సుబ్బారావు గారి మందు చేసే పనినీ పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ ఒకే చోట తగులుతాయి. ఆ చోటు మన ఎముకల లోపలి మూలుగ. ఈ సంగతి అర్థమైతే అనవసరమైన భయం పోతుంది, అవసరమైన భయం మిగులుతుంది. అందుకే ఈ ప్రయత్నం.

బాల్యం, చదువు

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. భీమవరం తాలూకా 1904 నుంచి 1925 దాకా మన కృష్ణా జిల్లాలోనే ఉండేది. పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడింది ఆ తరువాతనే. అంటే వారు దేశం విడిచి వెళ్లేనాటికి వారి సొంత ఊరు కృష్ణా జిల్లా లెక్కలోనే ఉంది.

చిన్ననాట చదువు మీద శ్రద్ధ తక్కువ. పదమూడేళ్ల వయసులో కాశీ పోయి, యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు గడించాలని ఇంట్లోంచి పారిపోయారని, తల్లి వెనక్కి రప్పించారని చెబుతారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కింది. తండ్రి పోయాక, తల్లి ఒంటిమీది బంగారం అమ్మి చదివించారు. తరువాత రామకృష్ణ మఠంలో చేరి సన్యసిస్తానంటే తల్లి ఒప్పుకోలేదు. మనుషులకు సేవ చేయాలంటే వైద్యం చదవమని మఠంలోని పెద్దలూ నచ్చచెప్పారు. అలా మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. అవి గాంధీగారి ఉద్యమం రోజులు. సుబ్బారావు గారు శస్త్రచికిత్స గదిలోకి కూడా ఖద్దరు దుస్తులతో వెళ్లడం తెల్లదొర ప్రొఫెసరుకు గిట్టలేదు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టా రాలేదు. తక్కువ స్థాయిదైన ఎల్.ఎం.ఎస్. ఇచ్చి పంపారు.

ఇద్దరు అన్నదమ్ముల మరణం

ఆ రోజుల్లోనే ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి ఎనిమిది రోజుల తేడాలో స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. ఆగని విరేచనాలు, నోరు పూత, తిన్నది ఒంటబట్టకపోవడం, చివరికి మనిషి పాలిపోయి రక్తం లేకుండా అయిపోవడం ఆ జబ్బు లక్షణాలు. సుబ్బారావు గారికి కూడా అది సోకితే ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో బయటపడ్డారని చెబుతారు. తరువాత కొంతకాలం మద్రాసు ఆయుర్వేద కళాశాలలో బోధకులుగా పనిచేశారు.

ఆ ఇద్దరినీ బలిగొన్నది ఏమిటో అప్పుడు ఎవరికీ తెలియదు. తరువాత తెలిసినదాన్నిబట్టి చెప్పుకుంటే, పేగు పాడవడంవల్ల ఆహారంలోని ఒక విటమిను ఒంటబట్టదు. అది లేక మూలుగ పని మందగిస్తుంది. కొత్త రక్తం పుట్టదు.

మూలుగ చేసే పని

మూలుగ అంటే మాంసాహారులకు నల్లిబొక్కలో కనిపించే మెత్తని పదార్థం. మన శరీరంలో అంత రద్దీగా పనిచేసే చోటు ఇంకొకటి లేదంటే అతిశయోక్తి కాదు. అక్కడ సెకనుకు సుమారు 20 లక్షల ఎర్ర రక్తకణాలు తయారవుతాయి. ఎర్రకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. రోగాలను ఎదిరించే తెల్లకణాలు చాలావరకు కొద్దిరోజులే ఉంటాయి. గాయమైతే రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు వారం, పదిరోజులు. పోయినవాటి స్థానంలో కొత్తవి ఎప్పటికప్పుడు రావాలి. అందుకోసం మూలుగలోని కణాలు విడిపోతూ, ఒకటి రెండుగా పెరుగుతూ ఉండాలి.

కణం రెండు కావాలంటే ముందు తనలోని డి.ఎన్.ఏ. అనే దస్త్రానికి నకలు తీసుకోవాలి. మనం ఆఫీసుల్లో చేసిన పనే. అసలు ఫైలు ముందు పెట్టుకుని ఫెయిర్ కాపీ తీసి, పక్కవాడితో కంపేర్ చేయించి, సంతకానికి పెట్టడం. కణంలోనూ ఈ నకలు తీసేవారున్నారు, సరిచూసేవారున్నారు, చిరిగితే అతికేవారూ ఉన్నారు. కాగితం సరఫరా ఆగినా, అసలు ఫైలు చిరిగినా పని ఆగిపోతుంది. కాగితం సరఫరాకు సంబంధించినది సుబ్బారావు గారి కథ. ఫైలు చిరగడానికి సంబంధించినది కిరణం కథ.

కిరణం కణంలో చేసేది

ఎక్స్‌రే అయినా, రేడియం నుంచి వచ్చే గామా కిరణమైనా శరీరంలోంచి పోతూ అక్కడి అణువులలోని ఎలక్ట్రానులను తన్ని బయటికి తోసేస్తుంది. దీన్నే అయనీకరణం అంటారు. కణంలో ఎక్కువ భాగం నీరు కాబట్టి ముందు దెబ్బ తినేది నీరే. ఆ నీటి ముక్కలు క్షణంలో వెయ్యోవంతు కన్నా తక్కువ కాలం బతికినా, అందులోనే పక్కనున్న డి.ఎన్.ఏ.ను కొరికేస్తాయి. ఒక్కోసారి కిరణమే నేరుగా డి.ఎన్.ఏ.ను తెంపుతుంది. రెండు పేటల తాడులాంటి ఆ డి.ఎన్.ఏ.లో ఒక పేట తెగితే కణం సులువుగా అతుక్కుంటుంది. రెండు పేటలూ ఒకేచోట తెగితే అతకడం కష్టం. అప్పుడు మూడు దారులు. సరిగా అతికితే బాధ లేదు. అతకలేకపోతే కణం చస్తుంది. తప్పుగా అతికి బతికితే, ఆ తప్పు నకలు మీద నకలుగా పెరిగి ఎన్నో ఏళ్లకు కాన్సర్ కావచ్చు.

చిరిగిన ఫైలు బీరువాలో ఊరికే పడివుంటే ఎవరికీ తెలియదు. నకలు తీయబోయినప్పుడు బయటపడుతుంది. అందుకే అరుదుగా విడిపోయే మెదడు కణాలకన్నా, ఎప్పుడూ విడిపోతుండే మూలుగ, పేగు లోపలి పొర, వెంట్రుకల కుదుళ్లు కిరణానికి ముందు లొంగుతాయి. ఈ సూత్రాన్ని 1906లోనే ఫ్రాన్సు దేశపు వైద్యులు బెర్గోనియే, ట్రిబోండో చెప్పారు. రేడియం కనిపెట్టిన మేరీ క్యూరీ 1934లో మరణించినది మూలుగ ఎండిపోయి రక్తం పుట్టని జబ్బుతోనే.

బోస్టన్ నగరంలో భాస్వరం లెక్క

సుబ్బారావు గారు మామగారి సాయంతోనూ, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఆసరాతోనూ ఓడెక్కి, 1923 అక్టోబరులో బోస్టన్ చేరారు. భార్య శేషగిరి గారిని మూడేళ్లలో వస్తానని చెప్పి వెళ్లారు. మళ్లీ రాలేదు. ఆమె వారిని మళ్లీ చూడలేదు. ఈ మాట రాసేటప్పుడు చెయ్యి ఆగుతుంది. మహనీయుల జీవిత చరిత్రలలో ఇంటి ఆడవాళ్ల ఖాతాలో పడిన ఖర్చు ఎవరూ లెక్క కట్టరు.

అక్కడ హార్వర్డ్ వైద్య పాఠశాలలో చదువుతూ, పొట్టకూటికి ఆస్పత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు శుభ్రం చేసే పని చేశారు. 1925లో సైరస్ ఫిస్క్ గారితో కలిసి శరీర ద్రవాలలో భాస్వరం ఎంత ఉందో రంగునుబట్టి తేల్చే పద్ధతి కనిపెట్టారు. ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అనే ఆ పేరు ప్రయోగశాలల్లో పనిచేసిన పిల్లలందరికీ తెలుసు. 1927లో కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి.ని వెలికితీశారు. మన ఒంట్లో కదలికకు కావలసిన శక్తి నిలవ ఉండేది వాటిలోనే.

సరిగ్గా ఆ 1927లోనే అమెరికాలోనే హెర్మన్ ముల్లర్ అనే శాస్త్రవేత్త, ఎక్స్‌రే తగిలిన పండు ఈగలలో తరతరాలకూ సంక్రమించే మార్పులు వస్తాయని చూపించారు. కిరణం దస్త్రాన్నే మారుస్తుందని అప్పుడు తేలింది. భాస్వరం విషయమూ ఇటు ముడిపడింది. విడిపోయే కణాలు భాస్వరాన్ని ఎక్కువగా లాక్కుంటాయి కనుక, 1936లో కాలిఫోర్నియాలో జాన్ లారెన్స్ అనే వైద్యుడు రేడియోధార్మిక భాస్వరాన్ని ల్యుకేమియా అనే రక్తపు కాన్సర్‌కు ఇచ్చి చూశారు. పెద్దవాళ్లలో నిదానంగా సాగే ల్యుకేమియాకు దానివల్ల కొంత ఊరట కలిగింది. పిల్లలకు వచ్చే ఉధృతమైన ల్యుకేమియాకు మాత్రం ఏ కిరణమూ పనిచేయలేదు. ఆ బిడ్డలు కొద్ది వారాలలో, నెలలలో పోయేవారు.

1945 ఆగస్టు నెల

హార్వర్డులో స్థిరమైన పదవి దక్కక, సుబ్బారావు గారు 1940లో న్యూయార్క్ దగ్గర పెరల్ రివర్‌లోని లెడర్లే కంపెనీలో చేరి, రెండేళ్లలో పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. అక్కడ పట్టుకున్న పని, తన అన్నదమ్ములకు కరువైన ఆ రక్తం పుట్టించే విటమినే. దాని జాడ మొదట దొరికింది మన దేశంలోనే. లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు బొంబాయిలో గర్భిణీ స్త్రీలకు వచ్చే రక్తహీనత ఈస్టు సారంతో తగ్గుతుందని 1931లో ప్రకటించారు. పాలకూర ఆకుల నుంచి తీసినందువల్ల 1941లో దానికి ఆకు అని అర్థం వచ్చే లాటిన్ మాటతో ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. దాన్ని ప్రయోగశాలలో తయారుచేయడం మాత్రం సుబ్బారావు గారి బృందానికే చెల్లింది. ఆ వార్త 1945 ఆగస్టు చివరలో అచ్చయింది.

అదే నెల 6వ తేదీన హిరోషిమా మీద, 9న నాగసాకి మీద అణుబాంబులు పడ్డాయి. పేలుడుకూ మంటకూ తప్పించుకున్నవారు కూడా రెండు మూడు వారాలకు జుట్టు రాలి, చిగుళ్ల నుంచి రక్తం కారి, చిన్న పుండుకే చీము పట్టి చనిపోయారు. మూలుగ పని ఆగిపోయింది మరి. బతికినవారిలో రెండు మూడేళ్లకు ల్యుకేమియా మొదలై, ఆరు నుంచి ఎనిమిదేళ్లకు ఎక్కువై, తరువాత తగ్గింది. ఇతర కాన్సర్లు ఇంకా ఆలస్యంగా పెరిగాయి. అయితే బాంబు పడిన తరువాత ఆ తల్లిదండ్రులకు కలిగిన పిల్లలను దశాబ్దాలపాటు పరిశీలించినా, వంశపారంపర్యమైన జబ్బులు పెరిగిన దాఖలా కనబడలేదు. ఇది మనం గుర్తుపెట్టుకోదగిన సంగతి.

ఒకే నెలలో ఒకచోట మూలుగను ఆర్పేది, ఇంకొకచోట మూలుగను వెలిగించేది లోకానికి తెలిశాయి. 1946 నాటికి క్యూబాలో స్ప్రూ రోగులకు ఫోలిక్ ఆమ్లం ఇస్తే లేచి కూర్చున్నారు. కానీ దొడ్డిపట్ల పోయిన ఎద్దుకు ఆ తరువాత గడ్డి దొరికినట్లు, అది ఆ ఇద్దరు అన్నదమ్ములకు పాతికేళ్లు ఆలస్యం.

మందు తలకిందులైన విధం

బోస్టన్ పిల్లల ఆస్పత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు, ల్యుకేమియా పిల్లలకు ఫోలిక్ ఆమ్లం జాతి పదార్థాలు ఇస్తే రోగం తగ్గకపోగా వేగం పుంజుకున్నట్టు గమనించారు. మంచి కణానికి కాగితం అందిస్తే దొంగ కణానికీ అందింది. అయితే కాగితం సరఫరా ఆపితే ఏమవుతుంది? సుబ్బారావు గారి బృందం ఫోలిక్ ఆమ్లాన్ని పోలివుండి, దాని పని మాత్రం చేయని పదార్థాలను తయారుచేసి ఇచ్చింది. తాళంలో దూరి తిరగకుండా ఇరుక్కుపోయే మారు తాళంచెవి లాంటివి అవి. కణం మోసపోతుంది, డి.ఎన్.ఏ. నకలు ఆగుతుంది. వాటిలో అమినోప్టెరిన్‌ను ఫార్బర్ 1947 డిసెంబరు నుంచి పిల్లలకు ఇచ్చారు. 16 మందిలో 10 మందికి రోగం తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. 1948 జూన్‌లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. పిల్లలకు వచ్చే ఉధృతమైన ల్యుకేమియా మందుకు లొంగడం చరిత్రలో అదే మొదలు.

ఆ తరువాత రెండు నెలలకే, 1948 ఆగస్టులో, సుబ్బారావు గారు నిద్రలో గుండె ఆగి మరణించారు. వయసు 53. బోదకాలుకు ఇచ్చే డి.ఇ.సి. మాత్ర, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా వారి ఆధ్వర్యంలో వచ్చినవే. ఎన్నడూ తన పేరు ముందుకు తోసుకోలేదు. మన తపాలా శాఖ 1995లో శతజయంతికి వారి బొమ్మతో బిళ్ల విడుదల చేసింది.

అమినోప్టెరిన్‌కు తోబుట్టువు మెథోట్రెక్సేట్. 1960ల చివరలో మెంఫిస్ నగరంలోని సెయింట్ జూడ్ ఆస్పత్రిలో డోనాల్డ్ పింకెల్ అనే వైద్యుడు, ఇతర మందులతోపాటు, వెన్నులోకి మెథోట్రెక్సేట్ ఎక్కించడం, తలకు కిరణ చికిత్స చేయడం కలిపి ప్రయోగిస్తే సుమారు సగంమంది పిల్లలు పూర్తిగా కోలుకున్నారు. కిరణమూ, సుబ్బారావు గారి మందూ అక్కడ చేతులు కలిపాయి. తరువాత మందుల వాడకం మెరుగుపడి, తలకు కిరణాలు పెట్టే అవసరం చాలావరకు తప్పింది. ఎదిగే మెదడుకు వాటివల్ల కీడు ఉందని తేలినందువల్లనే ఆ జాగ్రత్త. నేడు సంపన్న దేశాలలో ఆ జబ్బు వచ్చిన పిల్లల్లో పదిమందిలో ఎనిమిది, తొమ్మిదిమంది బతుకుతున్నారు.

మనకు పనికివచ్చే నాలుగు మాటలు

ఈ జీవితం నుంచి మన ఇళ్లకు పనికివచ్చేవి కొన్ని ఉన్నాయి. డాక్టరు గారి మాటకు ఇవి ప్రత్యామ్నాయం కావని మనవి.

ఒకటి. కరెంటు పెట్టించుకునేవారు మధ్యలో మానేయడం మనవైపు తరచు వింటున్నాం. ఒళ్లంతా ఒకేసారి 4 గ్రేల కిరణం తగిలితే, చికిత్స లేకపోతే సగంమంది చనిపోతారు. కాన్సర్ వైద్యంలో 50 గ్రేలు కూడా ఇస్తారు. కానీ గడ్డ ఉన్న కొద్దిచోటుకే, రోజుకు సుమారు 2 చొప్పున, వారాల తరబడి. రోజుకూ రోజుకూ మధ్య మంచి కణాలు తమ డి.ఎన్.ఏ.ను అతుక్కుంటాయి. కాన్సర్ కణాలు అంత బాగా అతుక్కోలేవు. మధ్యలో నాలుగు వారాలు మానేస్తే ఆ గడువు కాన్సర్‌కు ఇచ్చినట్టే.

రెండు. బయటినుంచి కిరణాలు పెట్టించుకున్న మనిషి దగ్గర కిరణాలు మిగిలివుండవు. మనవలను ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు. వేరే కంచం, వేరే మంచం అక్కర్లేదు. థైరాయిడ్ జబ్బుకు రేడియో అయోడిన్ తాగినవారికి మాత్రం కొద్దిరోజులు దూరంగా ఉండమని ఆస్పత్రివారే చెబుతారు.

మూడు. సూర్యారావుపేటలో ఒక వీధి నడిస్తే చాలు, ఎన్ని స్కానింగ్ కేంద్రాలో. ప్రకృతిలోంచే ప్రతి మనిషికీ ప్రపంచ సగటున ఏడాదికి 2.4 మిల్లీసీవర్టుల కిరణం తగులుతుంది. ఛాతీ ఎక్స్‌రే ఒకటి 0.1 లేదా అంతకన్నా తక్కువ. దానికి భయపడనక్కర్లేదు. కడుపు సి.టి. స్కాను 8 నుంచి 10 దాకా ఉంటుంది. అవసరమైతే తీయించుకోవాల్సిందే. పాత ఫిల్ములు ఇంట్లో పారేసుకుని, ప్రతి డాక్టరు దగ్గరా కొత్తగా తీయించుకోవడం మంచిది కాదు. పెన్షన్ కాగితాల మాదిరిగా వాటినీ తేదీలవారీగా ఒక ఫైలులో పెట్టుకోండి. అల్ట్రాసౌండు, ఎం.ఆర్.ఐ.లలో ఈ రకం కిరణం లేదు.

నాలుగు. మనలో కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ మాత్ర వాడేవారున్నారు. అది సాధారణంగా వారానికి ఒక్కరోజు వేసుకునే మందు. పొరపాటున రోజూ వేసుకుంటే మూలుగ ఆగి ప్రాణం మీదికి వస్తుంది. నోటిపూత, జ్వరం, ఒంటిమీద కమిలిన మచ్చలు కనబడితే వెంటనే ఆస్పత్రికి పోవాలి. ఏ వారం వేసుకోవాలో క్యాలెండరు మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టమని పిల్లలకు చెప్పండి. దానితోపాటు వేరే రోజున డాక్టరు రాసే చిన్న మాత్ర ఫోలిక్ ఆమ్లం. ఒకే చీటీలో సుబ్బారావు గారి రెండు పనులూ ఉంటాయన్నమాట. ఒకటి ఆపేది, ఒకటి నిలబెట్టేది.

కిరణమైనా మందైనా స్వతహాగా మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. ఎంత, ఎక్కడ, ఎన్నాళ్లు అన్నదే లెక్క. ఇద్దరు తోబుట్టువులను పోగొట్టుకున్న భీమవరం కుర్రవాడు జీవితమంతా ఆ లెక్క తేల్చడానికే వెచ్చించాడు. ఆ లెక్కను మన ఇళ్లలో సరిగా పాటించడమే వారికి మనం చేయగల నివాళి.

సెలవు.